తెర మీద ఆగిపోయిన చెయ్యి

ముత్యం చెయ్యి గాల్లోకి లేచింది. చూపుడువేలు కంటి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. చేత్తో పాటు మొహమూ ఆగింది. చూస్తుండగానే ఆ మొహం గళ్లుగళ్లుగా విడిపోయి, కన్ను ఒక గడిలోనూ సగం పెదవి ఇంకో గడిలోనూ ఉండిపోయాయి. తెర మధ్యలో చిన్న చక్రం ఒకటి గానుగెద్దులా తిరగడం మొదలుపెట్టింది. ఎంత తిరిగినా ఉన్నచోటే.

సుబ్బాయమ్మ ఊపిరి బిగబట్టి ఇరవై లెక్కపెట్టింది. తరవాత యాభై. చక్రం తిరుగుతూనే ఉంది.

"నీ మొహం మండ!" అంది. అన్నది చెల్లెల్ని కాదు, కంప్యూటర్ని.

దూరాన ఉన్న మనిషితో మాట్లాడాలంటే ఫోన్ లేదా అని ఎవరైనా అడగొచ్చు. ముత్యానికి పుట్టుచెవుడు. మాట రాదు, వినపడదు. నరసాపురం దగ్గరి పల్లెలో తల్లి ఊడ్పులకి పోతే, ఆరేళ్ల సుబ్బాయమ్మే ఆ పిల్లని చంకనేసుకుని పెంచింది. చేతులతో, కళ్లతో వాళ్లిద్దరూ ఒక భాష కట్టుకున్నారు. సుబ్బాయమ్మకి గడ్డం కింద మచ్చ ఉంది, అందుకని గడ్డం మీద వేలు పెడితే అక్క అని అర్థం. రెండు అరచేతులూ తిరగేస్తే అన్నం లేదని. ఆ భాష ప్రపంచంలో ఇద్దరికే పూర్తిగా వచ్చు. ముత్యాన్ని కట్టుకున్న మొగుడికీ సగమే వచ్చేది, ఆ సగంతోనే పోయాడు. కొడుక్కి పావు వచ్చు. కోడలు మణికి అదీ రాదు.

సుబ్బాయమ్మ బహ్రెయిన్ వచ్చి ఇరవై ఒక్క ఏళ్లయింది. ముప్పై తొమ్మిదో ఏట, మొగుడు పోయిన రెండో నెలలో విమానం ఎక్కింది. చదివింది రెండో తరగతి. అప్పటినుంచీ ఈసా టౌన్‌లో ఒకటే ఇల్లు, ఒకటే వంటగది, వీసా ఇచ్చిన యజమాని కూడా ఒకడే, ఒకటే కఫీల్. ఆ ఇంటి పెద్దావిడ మొదట్లో గిన్నె విసిరితే ఈవిడ మూత విసిరిందని, అప్పటినుంచీ ఇద్దరికీ స్నేహం కుదిరిందని చెప్పుకుంటారు. ఆ ఇంటి పిల్లలు పెద్దవాళ్లయ్యాక, బయట గది తీసుకుని ఉండమని వాళ్లే అన్నారు. అలా మనామాలో ఈ పాత బిల్డింగు రెండో అంతస్తుకి వచ్చింది. బిల్డింగులో పన్నెండు వాటాలు, పన్నెండూ తెలుగువాళ్లవే. ఈ ఇరవై ఒక్క ఏళ్లలో ఒకరి గడపలో నిలబడి ఉప్పురాయి అడిగిన పాపాన పోలేదు. పెట్టే చెయ్యే గానీ చాపే చెయ్యి కాదని ఆవిడకి మహా గర్వం. ఆ గర్వం కూరలో కారంలాగా కాస్త ఎక్కువే పడేది.

ఈసా టౌన్ పాత సామాన్ల సంతలో ఒక కంప్యూటర్ కొని టాక్సీలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. కెమెరా కన్ను ఒకటి దాని నెత్తిన కూర్చోబెట్టింది. ప్రతి శుక్రవారం మన దేశంలో సాయంత్రం నాలుగున్నర, ఇక్కడ రెండు అయ్యేసరికి మణి అత్తగారిని నరసాపురం నెట్ సెంటరుకి తీసుకొస్తుంది. అక్కాచెల్లెళ్లు చేతులు కలుపుకుంటారు.

కలుపుకోవాలి మరి. బొమ్మ కదిలితే కదా!

నోటి మాటైతే మధ్యలో ఒక ముక్క పోయినా మిగతా ముక్కతో అతుక్కుంటుంది. చేతి మాట అలా కాదు. చెయ్యి ఎక్కణ్ణుంచి లేచి ఎక్కడికి పోయిందో చూడాలి. లేచిన చెయ్యి గాల్లోనే ఉండిపోతే ఆ మాట పుట్టకుండానే చచ్చినట్టు.

నెట్టు ఇచ్చేది మంగరాజు. కాకినాడ మనిషి, ఏసీ మెకానిక్కు, మూడో అంతస్తు. పాత కంపెనీ దగ్గర ఒక్క లైను తీసుకుని, దానికి ఒక పెట్టె తగిలించి, మెట్ల పక్కనుంచి పన్నెండు వాటాలకీ వైర్లు లాగాడు. ఆ వైర్లు చూస్తే సుబ్బాయమ్మకి చీదర. చేప కడుపు కోస్తే పేగులు బయటపడ్డట్టు గోడనిండా వేలాడుతుంటాయి.

ఆ శుక్రవారం మూడో అంతస్తుకి ఎక్కి తలుపు కొట్టింది.

"ఏం మంగరాజూ, నీ నెట్టు ఎడ్లబండి మీద వస్తందా, నడిచి వస్తందా?"

"అదేంటక్కా అలాగంటావు, లైను బానే ఉందండి. శుక్రవారం గదా, అందరికీ డ్యూటీ సెలవు. అందరూ ఒక్కసారే కూర్చుంటారు. నేనేం జెయ్యను?"

"ఒక్క నూతిలో పన్నెండు చేదలు వేయించి, నీళ్లు బురదగా ఉన్నాయంటే నేనేం జెయ్యనంటావా? నుయ్యి తవ్వినోడివి నువ్వే గదా!"

"నచ్చాపోతే మానేయక్కా, నేను బలవంతం చేశానా?" అని మంగరాజు పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

మానేసింది. ఫిన్నీని పిలిపించింది.

ఫిన్నీ ఆవిడ ప్రార్థనకి వెళ్లే క్రైస్తవ సహవాసంలో మనిషే. పెళ్లయినవాడు, ముప్పై దాటినవాడు, కొత్తగా వచ్చిన ఒక కంపెనీలో నెట్టు అమ్మే ఉద్యోగం. ఆదివారం బడిలో వాక్యం చెప్పినంత శ్రద్ధగా రంగుకాగితాలు పరిచి చెప్పాడు.

"అమ్మమ్మగారూ, దీనికి వైరే ఉండదండి. గాల్లోంచే వస్తది. కిటికీలో ఈ పెట్టె పెడితే చాలు. పాత కంపెనీ కంటే నాలుగింతలు స్పీడు."

"మా చెల్లి చెయ్యి ఆగదు గదా?"

"ఆగదండి."

"ఆగితే నీ చెయ్యి విరుస్తాను."

ఫిన్నీ నవ్వాడు. సుబ్బాయమ్మ నవ్వలేదు. రెండేళ్ల కాగితం మీద తెలుగులో, పూర్తి ఇంటిపేరుతో సహా, నిదానంగా సంతకం చేసింది. నెట్టుకి తాళపు మాట, పాస్‌వర్డు ఒకటి పెట్టుకోవాలండి, మీరెప్పుడూ మరిచిపోనిది చెప్పండి అన్నాడు. దావీదు ఇరవైమూడో కీర్తన అంది. ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే కొట్టి పెట్టాడు.

మొదటి శుక్రవారం ముత్యం చేతులు కాలవలో చేపల్లా కదిలాయి. సుబ్బాయమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది, పెట్టుకున్నట్టు ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడే చేసింది తప్పు. ఈ సహవాసంలో ఒక అలవాటు ఉంది. వీసా వచ్చినా, ఫ్రిజ్జు కొన్నా, డ్రైవింగు లైసెన్సు దక్కినా అందరూ వచ్చి దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. నెట్టుపెట్టెకీ చేయాల్సిందే అన్నారు. బిల్డింగులో ఉన్న విశ్వాసులంతా వచ్చారు, మంగరాజుతో సహా. సంఘపెద్ద షాలేంగారు పెట్టె మీద చెయ్యి పెట్టాడు, మిగతావాళ్లు ఆయన భుజాల మీద చేతులు పెట్టారు. సుబ్బాయమ్మ పులిహోర, కోడికూర చేసింది. అన్నాలకి ముందు సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పమంటే ఆవిడకేం తక్కువ?

"మనుషుల వైర్లు నమ్ముకుని మోసపోయానండి. ఇప్పుడు దేవుడు నాకు గాల్లోంచి ఇచ్చాడు. దీని తాళం కూడా ఆయన మాటే పెట్టుకున్నాను, ఇరవైమూడో కీర్తన. నాకు లేమి కలగదు!"

"ఆమెన్!" అన్నారందరూ. చాలా గట్టిగా అన్నారు.

మూడో శుక్రవారానికి ముత్యం చెయ్యి మళ్లీ ఆగిపోయింది.

ఆ ఆగడం మామూలు రోజుల్లో ఆగడం లాంటిది కాదు. ఆ వారమే మణి ఫోన్ చేసి చెప్పింది. ముత్యానికి ఎడంకన్ను ఎప్పుడో పోయింది, అది పాత సంగతి. కుడికంట్లో శుక్లం ముదిరింది. కంటి ఆసుపత్రివాళ్లు ఉచితంగా ఆపరేషను చేస్తామని పేరు రాసుకున్నారు, తీసుకెళ్లడానికి బస్సు కూడా పంపుతామన్నారు. ఇంకా ఆలస్యం చేస్తే ఈ కన్ను కూడా దక్కదని డాక్టరు ఖండితంగా చెప్పాడు. కానీ ముత్యం ఒప్పుకోవడం లేదు.

"నేను చెప్పబోయానండి పెద్దత్తా. ఇలా రెండు వేళ్లు కంటికేసి చూపించానండి. కన్ను పీకేస్తారనుకుంది. ఇప్పుడు ఆటో చప్పుడు... చప్పుడు కాదులెండి, ఆటో కనపడితే చాలు, గదిలోకి పోయి గడియేసుకుంటంది."

"రెండు వేళ్లు కంటికేసి చూపిస్తే నేనైనా గడియేసుకుంటానే! నీ తెలివి తెల్లారినట్టే ఉంది. బస్సెప్పుడు?"

"వచ్చే శనివారం పొద్దున్నేనండి. శుక్రవారం మీరు చెప్పి ఒప్పించాలి. మీరు చెబితేనే వింటది."

చెవి ఎలాగూ లేదు. ఉన్న ఒక్క కన్నూ పోతే, గడ్డం మీద వేలు పెట్టినా, అరచెయ్యి తిరగేసినా ముత్యానికి ఏదీ చేరదు. బతికున్న మనిషికి లోకం తలుపు మూసేసినట్టే. తను పోయి ఒప్పిద్దామంటే కఫీల్ ఇంట్లో పెళ్లి, డిసెంబరు దాకా సెలవు లేదు, పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉంది. మిగిలింది వచ్చే శుక్రవారం ఒక్కటే.

సుబ్బాయమ్మ కొత్త కంపెనీకి ఫోన్ చేసింది. అరబ్బీకి ఒకటి నొక్కమంది, ఇంగ్లీషుకి రెండు నొక్కమంది. ఒకటి నొక్కింది. పాట వచ్చింది. పాట అయిపోయాక ఇంకో పాట. ఆ తరవాత ఒక ఆడపిల్ల గొంతు, పెట్టె ఆపి మళ్లీ పెట్టమంది. పెట్టింది. కిటికీ మార్చమంది. మార్చింది. ఆ వారంలో పెట్టెని కిటికీలో, బీరువా మీద, మంచం మీద, ఆఖరికి ఫ్రిజ్జు నెత్తిన కూడా పెట్టి చూసింది. ఇంట్లో పసిపిల్లని ఎత్తుకుని తిరిగినట్టుంది బతుకు. నెట్టు మాత్రం పెళ్లికూతురిలా తలొంచుకుని కదలదు.

"పిలవండి ఆ ఫిన్నీగాణ్ణి!" అని గురువారం మెట్ల మీద నిలబడి కేకేసింది.

ఫిన్నీ తప్పించుకుందామని చూశాడు. వాళ్లావిడ క్రిస్టీనా పట్టుకొచ్చింది. వచ్చినవాడు తన ల్యాప్‌టాప్ తెరిచి ఏదో చూశాడు. మొహం మాడింది.

"అమ్మమ్మగారూ... మీ నెట్టు మీరొక్కరే వాడుతున్నారా?"

"నాకెంతమంది మొగుళ్లున్నారురా ఇంట్లో, వాడుకోడానికి?"

"మీది కాక పద్నాలుగు కంప్యూటర్లు తగులుకుని ఉన్నాయండి దీనికి."

సుబ్బాయమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పెదవి బిగిసింది. ఫిన్నీ ఒక్కొక్క పేరూ చదివాడు. మెర్సీ. సామ్యూల్. కింద వాటా సామ్యూల్ కాదు, పై వాటా సామ్యూల్. మంగరాజు కూడా ఉన్నాడు! తన వైరు జనానికి అమ్ముకుంటూ, తను మాత్రం ఈవిడ గాలి పీల్చుకుంటున్నాడు. అందరికంటే పైన, అందరికంటే ఎక్కువ తాగినవాడు షాలేంగారు. సువార్త మహాసభల వీడియోలు, మూడేళ్లవి, రాత్రీ పగలూ దింపుకుంటున్నాడు.

"తాళం మాట ఎలా తెలిసిందిరా ఈళ్లకి?" అంది.

ఫిన్నీ నేల చూశాడు. క్రిస్టీనా గొంతు తగ్గించి, "సాక్ష్యంలో మీరే చెప్పారండి" అంది.

తన మీద తనకి పుట్టిన రోత ఉందే, అది పక్కవాడి మీద రోతలాగా కాదు, తిట్టి దింపుకుందామంటే దిగదు. పులిహోర పెట్టి మరీ ఇంటి తాళం పంచిన ముసలిది ఈ దీవిలో ఇంకోటి ఉంటుందా?

"తాళం మార్చెయ్యి."

"మారుస్తానండి. కానీ లాభం లేదు. ఈ నెలకి మీ లిమిట్టు అయిపోయిందండి. ఒకటో తారీకు దాకా కంపెనీ స్పీడు తగ్గించేస్తది. అదీ ఆ కాగితంలో ఉంది."

"ఏ కాగితం?"

"మీరు సంతకం చేసిందండి. వెనకపక్క."

"వెనకపక్క ఏముందో ముందుపక్కనే చెప్పి చావొచ్చు గదరా!"

ఒకటో తారీకు ఇంకా పదకొండు రోజులు. బస్సు ఎల్లుండి పొద్దున్న. వేరే కంపెనీ అంటే కాగితాలకే వారం. బయట నెట్ కేఫుల్లో కెమెరాలు లేవు, ఉన్నచోట శుక్రవారం మధ్యాహ్నం నిలబడ్డానికి చోటుండదు. ఎటు తిప్పినా మిగిలింది మంగరాజు గోడ మీద వేలాడే ఆ పేగులే. వైరు ఇంకా ఈవిడ గదిలో మంచం కింద పడి ఉంది. రెండు నుంచి మూడు దాకా మిగతా పదకొండు వాటాలవాళ్లూ ముట్టుకోకపోతే ఆ లైనంతా ఒక్కరికే వస్తుందని ఫిన్నీ చెప్పాడు.

"అడిగితే ఇస్తారండి," అంది క్రిస్టీనా.

అడిగితే. అక్కడే ఉంది ముల్లు. తన గాలి దొంగిలించినవాళ్ల ముందు తనే చెయ్యి చాపాలి. సుబ్బాయమ్మ ఆ సాయంత్రం వండుకోలేదు. ముత్యం పసిదిగా ఉన్నప్పుడు, ఇంట్లో గింజ లేని రోజున తను పొరుగింటికి పోయి గంజి అడిగిందా లేదా అని గుర్తు చేసుకోబోయింది. అడిగింది. ఎన్నోసార్లు అడిగింది. ఎలా మరిచిపోయిందో!

మర్నాడు శుక్రవారం ఆరాధనలో సాక్ష్యాల వేళ వచ్చింది. ఒకరికి ఓవర్‌టైం దొరికిందని స్తోత్రం, ఒకరికి జ్వరం తగ్గిందని స్తోత్రం. సుబ్బాయమ్మ లేచి కొంగు సర్దుకుంది.

"దేవునికి వందనాలు, మీకు మాత్రం లేవు," అంది.

హాల్లో తలలన్నీ ఆవిడ వైపు తిరిగాయి.

"నా ఇంటికొచ్చి, నా కోడికూర తిని, నా పెట్టె మీద చేతులు పెట్టి ప్రార్థన చేశారు. ఎందుకు చేతులు పెట్టారో నిన్న తెలిసింది. పద్నాలుగు మంది! పేర్లు చదవను, సిగ్గున్నోళ్లకి వాళ్ల పేర్లు వాళ్లకి తెలుసు. షాలేంగారూ, మీరు తల దించకండి, మీరు సంఘపెద్ద, నిటారుగా కూర్చోండి."

షాలేంగారు బైబిలు పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు.

"ఇది కోపం. ఇదయిపోయింది. ఇంకోటుంది." ఇరవై ఒక్క ఏళ్లుగా వాడని మాట, తుప్పు పట్టి బయటికి రావడం లేదు. "నా చెల్లెలికి చెవుల్లేవు. కన్నొకటే ఉంది. అది కూడా రేపు పొద్దున్న బస్సు ఎక్కాపోతే పోద్ది. ఎక్కమని చేతుల్తో చెప్పాల్సింది నేనొక్కదాన్నే. ఇయ్యాళ రెండు నుంచి మూడు దాకా, ఆ బిల్డింగులో ఎవరూ నెట్టు ముట్టుకోకండి. ఒక్క గంట. నేను... అడుగుతున్నాను. బతిమాలుతున్నాను."

కూర్చుంది. ఎవరూ ఆమెన్ అనలేదు. అనకపోవడమే మంచిదయింది. ఆ ఆమెన్ల మీద ఆవిడకి నమ్మకం పోయింది.

రెండు కావడానికి పది నిమిషాలుండగా మంగరాజు వచ్చి, మంచం కింద వైరు దులిపి కంప్యూటర్‌కి గుచ్చాడు. "పైన పదకొండు వైర్లూ పీకేశానక్కా. నాది కూడా" అన్నాడు. పళ్లు కనపడలేదు ఈసారి. బయట మెట్ల మీద గొంతులు వినిపించాయి. బిల్డింగు బిల్డింగంతా, ఇంట్లో ఉంటే చెయ్యి ఊరుకోదని కాబోలు, ఆ ఎండలో మెట్ల మీదకొచ్చి కూర్చున్నారు. మెర్సీ ఒళ్లో పల్లీలు ఒలుస్తోంది. షాలేంగారు అందరికంటే కింది మెట్టు మీద ఉన్నాడు.

తెర వెలిగింది. ముత్యం వచ్చింది. మొహం మొహంలాగే వచ్చింది. కుడికన్ను మధ్యలో తెల్లటి మచ్చ కూడా కనపడేంత తేటగా. పక్కన మణి. ముత్యం గడ్డం మీద వేలు పెట్టుకుని, వెంటనే కళ్ల మీద రెండు చేతులూ కప్పుకుని తల అడ్డంగా ఊపింది. ఇవ్వను, నా కన్ను ఇవ్వను.

సుబ్బాయమ్మ తొందరపడలేదు. లేచి పోయి అలమరలోంచి గాజుగ్లాసు తెచ్చింది. ముత్యానికి చూపించి దాని వెనక నుంచి తన కన్ను చూపించింది. తరవాత నోటి ఆవిరి ఊదింది. గ్లాసు మసకబారింది. తన కన్ను మాయమైంది. ముత్యం తెరకి ముక్కు ఆనించి చూస్తోంది. సుబ్బాయమ్మ కొంగుతో గ్లాసుని మెల్లిగా, గుండ్రంగా తుడిచింది. కన్ను మళ్లీ వచ్చింది. గ్లాసుని అటూ ఇటూ తిప్పి, పగలలేదని గోటితో తట్టి చూపించింది. మళ్లీ ఊదింది. మళ్లీ తుడిచింది. మూడోసారికి ముత్యం చేతులు దిగాయి.

పీకరా? అని రెండు వేళ్లు.

సుబ్బాయమ్మ కొంగు చూపించింది. తుడుస్తారు.

నొప్పి?

చిటికెన వేలి కొన చూపించింది. తరవాత నిజం చెప్పాలనిపించి ఇంకాస్త చూపించింది.

ముత్యం చాలాసేపు ఆలోచించింది. ఆ ఆలోచనంతా మొహంలో కదులుతూ, ఎక్కడా గళ్లు పడకుండా, మొదటినుంచి చివరిదాకా కనపడింది. ఆఖరికి తన కొంగు తీసుకుని, తన కంటి ముందు గాల్లో గుండ్రంగా తుడిచింది. రేపు పొద్దున సూర్యుడు లేచే దిక్కుకి చెయ్యి చాపి, బస్సు ఎక్కుతున్నట్టు రెండు వేళ్లు నడిపించింది. అంతటితో ఊరుకోకుండా సుబ్బాయమ్మ వైపు వేలు చూపించి, బుగ్గలు లోపలికి లాక్కుని, నెత్తి మీద తెల్లజుట్టు గీసింది. ముసలిదానివైపోయావే, కళ్లు బాగయ్యాక ఇదా నేను చూడాల్సింది?

"నీకెందుకే నా మొహం సంగతి!" అని సుబ్బాయమ్మ చేతులతోనూ నోటితోనూ తిట్టింది. ముత్యం నవ్వింది. నవ్వుతూ గడ్డం మీద వేలు పెట్టింది.

ఆ వేలు అక్కడే ఆగిపోయింది. చక్రం వచ్చింది.

గడియారంలో మూడు దాటి ఒక నిమిషం. మెట్ల మీద ఒక్క మనిషి లేడు, పల్లీల తొక్కలే ఉన్నాయి. పైన వైర్లన్నీ మళ్లీ గుచ్చేశారు.

"ఒక్క నిమిషం ఆగలేకపోయారు, థూ!" అని సుబ్బాయమ్మ తలుపు దగ్గరనుంచి అందరికీ వినపడేలా అంది. లోపలికొచ్చి, కంప్యూటర్ ఆపలేదు. మాట ఎలాగూ పూర్తయింది. వేలు గడ్డం మీదే ఉంది. గ్లాసు కడిగి అలమరలో బోర్లించి, పొయ్యి వెలిగించి, నిన్నటినుంచి తినని అన్నం వండుకోవడం మొదలుపెట్టింది.